గుట్టకు తిరిగివచ్చిన సున్నం

ఆస్ట్రేలియా తూర్పుతీరాన మా కిల్డర్ రేవులో, ఎల్వీనా పుట్టిన ఇంటికీ ఆమె పెళ్ళి జరిగిన చర్చికీ నడుమ ఒక ఆల్చిప్పల గుట్ట ఉన్నది. ఆమె పూర్వులైన ఆదివాసులు తరతరాలుగా తిని వేసిన చిప్పలవి. ఆ గుట్టకొక ధర్మమున్నది. తీరాన ఆల్చిప్పలు ఏరుకొనవచ్చినవారు తొలుత గుట్ట పైపొరను చూడవలెను. ముందువారు దేనిని తిన్నారో దానిని విడిచి, వేరొకదానిని తినవలెను. తిన్న జాతికి మరల పెరిగే గడువు దొరుకుతుంది.

తెల్లవారు ఆ పొరను చదవలేదు. సగం గుట్ట బట్టీలో సున్నమై చర్చి గోడలుగా లేచింది. చాలనందున, అఖాతపు అడుగున బ్రతికివున్న బురద ఆల్చిప్పలను సైతం గోకి కాల్చారు. ఆ జాతి ఇక్కడ మిగలలేదు.

ఎల్వీనా యౌవనం నుండి ఆ చర్చిలోనే పాడింది. దైవభక్తికీ పితృభక్తికీ తగవు రాగలదని ఎన్నడూ తలచలేదు. గాలివానకు చర్చి ఉత్తరపు గోడ కూలినప్పుడు ఆ తగవు వచ్చింది.

"పాత గోడకి పాత సున్నమే అతుకుతుందటమ్మా," అన్నాడు ఫాదర్ రూనీ. "గుట్ట నుంచి నాలుగు బస్తాలు చాలు. మీరు ఊఁ అంటే మీవాళ్ళెవరూ కాదనరు."

"మొదటివాళ్ళూ నాలుగే అడిగుంటారు. కాదులే, వాళ్ళు అడగనే లేదు."

ఫాదర్ నవ్వబోయి ఆగాడు.

మేనల్లుడు క్లెమ్ అందుకున్నాడు. "ఇచ్చెయ్యత్తా! వానలో తడుస్తూ పాడేది నువ్వేగా."

"నోర్ముయ్‌రా! బాప్తిస్మం తర్వాత ఆ గడప తొక్కనోడివి, గోడ ఊసు నీకెందుకు?"

ఆదివారం దాకా ఆమె బదులివ్వలేదు. ఇస్తే గుట్ట తరుగుతుంది. ఇవ్వకుంటే తన దేవుని ఇంటికి తానే అడ్డమవుతుంది. ప్రార్థన ముగిశాక, కూలిన గోడ చెంత వంగి ఒక పెళ్ళను ఎత్తింది. సున్నంలో సగం కాలిన చిప్ప, అరచేయంతటిది. బురద ఆల్చిప్ప. నాయనమ్మ నోట వినడమే గాని, ప్రాణమున్నదానిని ఆమె చూసి ఎరుగదు.

"గుట్ట నుంచి ఒక్క చిప్ప కూడా రాదు ఫాదర్. ఈ పెళ్ళలే అక్కడికి పోతాయి. గోడకి సిమెంటు తెచ్చుకోండి. మొయ్యడానికి క్లెమ్ ఉన్నాడు."

"నేనా!" అన్నాడు క్లెమ్.

పెళ్ళలను గుట్ట నెత్తిన, చిప్పలు పైకి కనబడేటట్లు పరిపించింది.

"ఇలా ఎందుకమ్మా?" తానూ ఒక బస్తా దించుతూ ఫాదర్ అడిగాడు.

"పైపొరలో ఉన్న జాతిని ఎవరూ ముట్టకూడదు. ఇక దానికి గడువిచ్చాం. వస్తే రానీ."

ఉత్తరపు గోడలో బూడిదరంగు అతుకు నేటికీ కనబడుతుంది. ఎల్వీనా తుదివరకు దాని పక్కనే నిలిచి పాడింది. ఆమె బ్రతికుండగా బురద ఆల్చిప్ప తిరిగి రాలేదు. మా జనం తిన్న చిప్పలను గుట్ట వాలున వేస్తారు. ఆ పైపొరను మాత్రం కప్పరు.