గొంతు మార్చని టేపు

ఊళ్లో అందరికీ ఆమె రేడియో అక్క. పొద్దున్నే ఆమె వార్తలు చదవందే పొయ్యి మీద పాలు కూడా పొంగవని పక్కింటివాళ్లు వేళాకోళమాడేవారు. స్టేషనంటే రెండు గదులు. చప్పుడు లోపలికి రాకుండా గోడలకు గోనెపట్టాలు కొట్టుకున్నారు.

ఒకరోజు పెద్దాసుపత్రి నర్సు ఒకామె అక్కను వెతుక్కుంటూ వచ్చింది. కరెంటు పోయినప్పుడు జనరేటరు పనిచేయక పసికందులు చనిపోయారనీ, ఆ సంగతి పైవాళ్లు కప్పిపెట్టారనీ చెప్పింది. అక్క అదంతా టేపు మీద రికార్డు చేసింది.

"నా పేరు బయటికి రాకూడదక్కా."

"నా ప్రాణం పోయినా రాదమ్మా."

నర్సు గొంతు మార్చి ప్రసారం చేశారు. ఊరు అట్టుడికినట్టు ఉడికిపోయింది.

ఆసుపత్రివాళ్లు కోర్టుకెక్కారు. ఎవరు చెప్పారో చెప్పమన్నాడు జడ్జి. పత్రికలవాళ్లయితే చెప్పనక్కర్లేదని చట్టంలో ఉంది గానీ, రేడియో ఊసే అందులో లేదు. అది రాసేనాటికి ప్రైవేటు రేడియోలు పుట్టలేదు మరి. వకీలు ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పుకున్నట్టే అయింది. అక్క పెదవి కదపలేదు. కోర్టు ధిక్కారం కింద జైల్లో వేశారు.

అక్కడ ఆమె మనసు తేలిగ్గానే ఉండేది. బొద్దింకలతో కాపురం బాగానే సాగుతోందని, చూడవచ్చిన భర్తతో నవ్వుతూ చెప్పేది. ఆయన మాత్రం తల దించుకునేవాడు. విడుదలై వస్తుంటే దారిలో అసలు సంగతి బయటపెట్టాడు. లైసెన్సు రద్దు చేస్తామని అధికారులు బెదిరిస్తే, స్టేషన్ యజమాని గొంతు మార్చని టేపు అప్పగించేశాడట. ఆసుపత్రివాళ్లకు ఆ గొంతు పోల్చుకోవడం ఎంతసేపు? నర్సును ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకే ఆసుపత్రీ చేర్చుకోలేదు.

అక్క నేరుగా నర్సు ఇంటికి వెళ్లింది. ఆమె కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. ఆ మర్యాదకే అక్క కుమిలిపోయింది.

"మీరు చెప్పలేదని తెలుసక్కా," అంది నర్సు. "కానీ ఆ టేపు దాచేటప్పుడు నా సంగతి ఒక్కసారైనా తలుచుకున్నారా?"

దాన్ని చెరిపేయాలని అక్కకు తట్టనే లేదు.

మళ్లీ ఆమె మైకు ముందు కూర్చోలేదు. కొన్నేళ్లకు చట్టం మార్చి, రేడియో, టీవీ వాళ్లకూ ఆ రక్షణ ఇచ్చారు. అంతా అక్క కేసు పుణ్యమేనన్నారు. ఆ వార్త మీరే చదవాలని స్టేషన్‌వాళ్లు కబురు పెడితే రానంది. భర్త రేడియో పెట్టబోతే, "వద్దండీ" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం అక్క నర్సు ఇంటికి వెళ్లింది. తలుపు తీసినవాళ్లు కొత్తవాళ్లు. ముందున్నవాళ్లు ఎటు వెళ్లారో తమకు తెలియదన్నారు.