మోకాలితో చెప్పిన జవాబు

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నోటితో చెప్పింది కాదు, మోకాలితో చెప్పింది. మొన్న ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోందేమో.

మైలవరంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. చెవి బొమ్మ వేయడంలో నాకు మంచి పేరుంది. కర్ణభేరి, దాని వెనక మూడు చిట్టి ఎముకలు, ఇంకా లోపల నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా. గుల్ల మొదట్లో ఉండే కణాలు ఈల, ‘స’ లాంటి సన్నని శబ్దాలను పట్టుకుంటాయి, లోపలి కొసన ఉండేవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి, ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ఇదంతా కళ్ళు మూసుకుని చెప్పేస్తాను. అంత తెలిసినవాణ్ణి.

మా పాపకు మూడేళ్ళు దాటినా మాటలు సరిగ్గా రాలేదు. అమ్మ అనేది, బువ్వ అనేది. తన పేరులోని ‘స’ మాత్రం పలికేది కాదు. ఒకసారి చెవులు చూపిద్దామని మా ఆవిడ రోజూ పోరేది. నేను పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. తిరిగి చూసింది. ఇంకేముంది, తేల్చేశాను. ఈ పాఠం చెప్పేవాణ్ణి, నాకు తెలియదా అన్నాను. ఆ మాట ఏడాది పాటు మా అత్తగారితో అన్నాను, స్టాఫ్ రూములో అన్నాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అన్నాను. చివరికి మా ఆవిడ పోరు పడలేక, పాపకు నాలుగేళ్ళప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక క్లినిక్కుకు తీసుకెళ్ళాం.

చిన్న గది. ఒక పక్క అద్దం. పాపను ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. బల్ల మీద ప్లాస్టిక్ రింగులు, గోడకు స్పీకరు. పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. సౌండ్ వినపడగానే పాప ఒక రింగు తీసి కర్రకు వేయాలని, నేను మాత్రం ఏ సైగా చేయకూడదని నవ్వుతూ చెప్పి అద్దం అవతలికి వెళ్ళింది.

బొంగురు శబ్దం వచ్చింది. పాప రింగు వేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వేసింది. చూశావా అన్నట్టు అద్దం అవతల ఉన్న మా ఆవిడ వైపు చూశాను. తర్వాత సన్నని శబ్దం వచ్చింది. నాకు స్పష్టంగా వినపడింది. పాప రింగు పట్టుకుని అలాగే కూర్చుంది. ఈసారి కాస్త గట్టిగా వచ్చింది. పాప కదల్లేదు.

నా మోకాలు కదిలింది.

బల్ల కింద, ఎవరికీ కనపడకుండా. పాప అదీ ఆటలో భాగమే అనుకుని నవ్వి రింగు వేసేసింది. కావాలని చేసింది కాదని ఎన్నేళ్ళో నాకు నేనే చెప్పుకున్నాను. మరి రెండోసారి? మూడోసారి? కర్ర నిండేదాకా కదిపానుగా! పాప కోసమా? అబ్బే. నా మాట నెగ్గడం కోసం. గుల్లలో ఏ భాగం పనిచేయడం లేదో ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. అర్థమయ్యాక కూడా కదిపాను. ఛీ, ఏం తండ్రిని!

అంతా నార్మల్ అని రిపోర్టు ఇచ్చారు. తిరుగు బస్సులో దారి పొడవునా నేనే మాట్లాడాను.

కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు టీచర్లు మాస్కులు పెట్టుకున్నారు. పాపకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నాళ్ళూ అందరి పెదాలు చూసి నెట్టుకొచ్చిందని అప్పుడు బయటపడింది. వేరే ఆసుపత్రిలో చూపిస్తే, సన్నని శబ్దాలు రెండు చెవులకూ అందడం లేదన్నారు. మా ఆవిడ ఆ రిపోర్టు పట్టుకుని పాత క్లినిక్కుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

“మాటలు నేర్చుకునే వయసులో రెండేళ్ళు పోయాయమ్మా నా బిడ్డకి! ఏం పరీక్ష చేశావు నువ్వు?”

ఆ అమ్మాయి పాత కాగితం తీసి చూసింది. “ప్రతి సౌండుకీ పాప రింగు వేసిందండీ. నేను చూశానండీ.” నా వైపు తిరిగింది. “సార్, పాప మీ ఒళ్ళోనే ఉంది కదండీ. మీరైనా చెప్పండి.”

“ఏమోనమ్మా, ఈ మిషన్ల సంగతి నాకేం తెలుసు?” అన్నాను.

ఆ అమ్మాయి మా ఆవిడకు సారీ చెప్పింది. చేయని తప్పుకు.

పాపకు వినికిడి మిషన్లు పెట్టించాం. మొదటి రోజే పోపులో ఆవాలు చిటపటమంటే ఉలిక్కిపడి వంటింట్లోకి పరుగెత్తింది. మళ్ళీ వేయమ్మా అని ఒకటే గొడవ. ఆ వారమంతా మా ఇంట్లో పెరుగుకు కూడా పోపే! మాటలు కూడబలుక్కుంటూ నేర్చుకుంది. ఇప్పుడు పదేళ్ళు. గడగడా వాగుతుంది, ‘స’తో సహా. కోపం వస్తే మాత్రం మిషన్లు తీసి బల్ల మీద పెట్టేస్తుంది. ఇక మనం ఎంత అరిచి గీపెట్టినా లాభం లేదు.

ఈ సాయంత్రం మా ఆవిడకు చెప్పాలి. ఆ అమ్మాయి ఇంకో క్లినిక్కులో చేరిందట, కనుక్కున్నాను. ఆమె దగ్గరకూ వెళ్ళాలి. ఎలా తిడతారో, ఏమంటారో తెలియదు. తిట్టనీ.

మొన్న ఆదివారం, మర్నాటి పాఠం కోసం చెవి బొమ్మ వేసుకుంటుంటే పాప పక్కన కూర్చుని కాక్లియాకు ఆకుపచ్చ రంగు వేస్తోంది. “చిన్నప్పుడే టెస్టు చేయించారంట కదా నాన్నా, అప్పుడెందుకు తెలీలేదు?” అంది. ఆ టెస్టు చేసిన అమ్మాయి సరిగ్గా చేయలేదని వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పే జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చప్పట్లు, రింగులు, మోకాలు, ఆ అమ్మాయి సారీ చెప్పడం, అన్నీ చెప్పేశాను.

పాప ముఖం ఎర్రబడింది. రంగు పెన్సిల్ కింద పెట్టింది. చెయ్యి చెవి దగ్గరకు వెళ్ళింది. అయిపోయింది, తీసేస్తుంది అనుకున్నాను.

తీయలేదు. మిషన్ సౌండు పెంచుకుంది.

“మళ్ళీ చెప్పు, మొదట్నించి” అంది.

చెప్పాను.