చిల్లు కాణీకి మెరుగు

మా ఆయన రిటైరయ్యాక ఏం చేస్తారో అని చాలా భయపడ్డాను. పేకాట నేర్చుకుంటారేమో, అరుగుల మీద చేరి రాజకీయాలు మాట్లాడతారేమో, అదీ కాకపోతే నా వంటింట్లో దూరి పోపులో ఆవాలు ఎక్కువయ్యాయంటారేమో అనుకున్నాను. అవేవీ జరగలేదు. ఆయన ఫొటోగ్రాఫరయ్యారు. పోనీ, మామూలు ఫొటోగ్రాఫరా అంటే అదీ కాదు. మనుషుల్ని తీయరు, గోదావరిని తీయరు, పెళ్లిళ్ల ఊసే ఎత్తరు. చీమ కాలు, పువ్వులో పుప్పొడి, రూపాయి మీద సింహం మీసం, ఇవీ ఆయన తీసేవి. దాన్ని క్లోజప్ అంటారట. అంటే దగ్గరగా చూడ్డం. నేను కొత్త చీర కట్టానో పాత చీర కట్టానో ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ చూడని మనిషి, చీమ కాలు దగ్గరగా చూస్తానంటే నవ్వు రాదూ?

ఇలాంటివాళ్లు రాజోలు, అమలాపురం, కొత్తపేటల్లో ఇంకా బోలెడుమంది ఉన్నారని తర్వాత తెలిసింది. అందరూ రిటైరైనవాళ్లే, అందరికీ మోకాళ్ల నొప్పులే. అయినా గడ్డిపువ్వు కనబడితే చాలు, నేలమీద బోర్లా పడుకుంటారు. లేవడానికి మాత్రం పెళ్లాలు చెయ్యందించాలి. వీళ్లకో వాట్సాప్ గ్రూపు. తెల్లారేసరికి అందులో పువ్వులే పువ్వులు. మా కోనసీమ మర్యాద సంగతి చెప్పక్కర్లేదు కదా, ఎదుటివాళ్లింట్లో కూర మాడిపోయినా "ఆ మాడు వాసనలోనే ఉందండీ రుచంతా" అనే జాతి మాది. ఆ మర్యాదంతా ఇప్పుడు ఫోన్లోకి వచ్చి చేరింది. మసగ్గా ఉన్న మందారం పెడితే "మీ లెన్సులో ఏదో మహిమ ఉందండి బాబూ" అంటారొకరు. "ఇది ఫొటో కాదండీ, ధ్యానమండీ" అంటారింకొకరు. మా ఆయన ఆ మాటలు నాకు చదివి వినిపించి, నా మొహంకేసి చూసేవారు. నేను చేటలో బియ్యంకేసి చూసేదాన్ని.

మాఘమాసం వచ్చి మా పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి పూతకొచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండవు. పూత మీద మంచు పడితే మాడిపోతుందని మా ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఊరంతా మంచు పడకూడదు దేవుడా అని దండాలు పెట్టుకుంటుంటే, ఈయనగారు ఇస్త్రీకి నీళ్లు చల్లుకునే సీసా పుచ్చుకుని చెట్టుకి మంచు కురిపించేవారు. నిజం మంచు ఫొటోకి నిలవదట. పైగా మందు సీసాలో ఓ చచ్చిన తేనెటీగని దాచారు. దాన్ని చిటికెడు జిగురుతో పువ్వుకి అంటించి ఫొటో తీసి, గ్రూపులో పెట్టారు. "ప్రాణం ఉట్టిపడుతోందండీ" అని రాశారెవరో. సిగ్గు లేకపోతే సరి.

ఈ ఏడు ఆ గ్రూపువాళ్లకి ఎగ్జిబిషన్ పెట్టాలని బుద్ధి పుట్టింది. అమలాపురంలో ఓ ఫంక్షన్ హాలు మాట్లాడారు. విషయం వసంతం. మా ఆయనకి నిద్ర పట్టలేదు. వసంతానికి పువ్వులు అందరూ పెడతారు, మనం పువ్వూ నాణెమూ కలిపి పెట్టాలన్నారు. పూతరెమ్మ గుచ్చుకునేలా మధ్యలో చిల్లున్న నాణెం కావాలన్నారు. అప్పుడు ఆయన కన్ను మా అత్తగారి చిల్లు కాణీ మీద పడింది.

ఆ కాణీ గురించి చెప్పాలి. తెల్లవాళ్ల రాజ్యం ఇంకా ఉండగా వచ్చిన రాగి నాణెం అది, మధ్యలో ఇంత చిల్లు. ఆ రోజుల్లో పసిపిల్లలకి దిష్టి తగలకుండా మొలతాడుకి గుచ్చి కట్టేవారు. మా అత్తగారిది కూలి బతుకు. ఆసాముల చేలల్లో నాట్లు వేసే మనిషి. చంటివాణ్ణి గట్టుమీద గుడ్డ నీడలో పడుకోబెట్టి చేలోకి దిగేది. వాడు ఏడవకుండా, పొడుగ్గా వదిలిన తాడు కొసనున్న ఆ కాణీని నోట్లో పెట్టుకుని చీక్కుంటూ ఉండేవాడట. వాడు మా ఆయన కాదు, మా ఆయనకన్నా ముందు పుట్టినవాడు. నడక వచ్చీరాక ముందే జ్వరం తగిలి పోయాడు. సమాధుల తోటకి తీసుకెళ్లబోయే ముందు ఆవిడే ఆ తాడు విప్పి తీసింది. తర్వాత అదే కాణీ మా ఆయన మొలకీ ఎక్కింది, ఆయన చెల్లెలి మొలకీ ఎక్కింది. తాడు ఒరిసి ఒరిసి, చిల్లు లోపలి అంచు ఒక పక్కన అరిగి గాడి పడింది.

మా అత్తగారికి చూపు పోయి చాలాకాలమైంది. వరండాలో కుర్చీలో కూర్చుని, బొడ్లో దోపుకున్న గుడ్డసంచిలోంచి కాణీ తీసి, ఆ గాడిలో బొటనవేలి గోరు పెట్టి తిప్పుకుంటూ ఉంటుంది. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నా వేలు అక్కడే. నాతో ఎన్నోసార్లు చెప్పింది. "నన్ను పెట్లో పెట్టి పూడ్చేటప్పుడు ఇది నా చేతిలో పెట్టమ్మా. ఆడు పసోడు, నా మొహం గుర్తుండదు. దీన్నయితే పోల్చుకుంటాడు." ఓసారి పాస్టరుగారు ఉండగా అదే మాట అంటే, "పరలోకంలో కాణీలతో పనుండదమ్మా" అన్నారాయన నవ్వి. "ఆయ్, మీరు చెప్పింది నిజమేనండీ" అంది. ఆయన గేటు దాటగానే నా చెయ్యి పట్టుకుని "ఆరికి తెలీదులే, నువ్వు మర్చిపోకు" అంది. మర్చిపోనని మాటిచ్చాను.

అలాంటిదాన్ని అడిగారు ఈ మహానుభావుడు. "ఒక్క పూట ఇయ్యమ్మా, ఫొటో తీసి ఇచ్చేస్తాను."

"కాణీకి ఫొటో ఏంట్రా? దానికేమైనా సంబంధాలు చూస్తున్నావా?" అంది ఆవిడ.

నేను నవ్వలేదు. "ఆవిడ ప్రాణాలన్నీ దాని మీదే ఉన్నాయి, దాని జోలికెళ్లకండి" అన్నాను. "నేనేమన్నా నమిలి మింగేస్తానా?" అన్నారు. కొడుకు అడిగితే ఏ తల్లి కాదంటుంది? సంచిలోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచి మరీ చెప్పింది. "మళ్లీ తెచ్చి నా చేతిలోనే పెట్టాలి రోయ్."

పూతరెమ్మకి కాణీ గుచ్చి ఫొటో తీశారు. చెప్పొద్దూ, అది బాగానే ఉంది. పచ్చటి పూత, దాని నడుముకి నల్లబడ్డ రాగి. కానీ గ్రూపుకి పెద్ద ఒకాయన ఉన్నారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. ఆయన మర్యాదగా ఓ ముక్క రాశారు: "అదిరిపోయిందండీ. కాకపోతే కాయిన్ కొంచెం డల్లుగా ఉందండీ. అది మెరిసిందనుకోండి, ఇంక తిరుగుండదండీ." అంతే. మర్నాడు వంటింట్లోకి వెళ్లేసరికి మా ఆయన నా చింతపండు జాడీ ముందేసుకుని కాణీని రుద్దుతున్నారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇత్తడి చెంబు ఒక్కటి తోమి ఎరగని మనిషి! నాలుగు దులిపి జాడీ లాక్కున్నాను. అక్కడితో బుద్ధొచ్చిందనుకున్నాను. రాలేదు. బస్సెక్కి అమలాపురం వెళ్లారు.

అక్కడ వెండి సామాన్లకి మెరుగు పెట్టే మిషను ఉందట. ఆ పనాయన మా వాళ్లందరిలాగే మర్యాదకి ప్రాణమిచ్చే మనిషి. "మీరు రావడమేంటండీ, కబురెడితే నేనే వద్దును కదండీ" అని కుర్చీ వేసి, టీ తెప్పించి, కాణీ పుచ్చుకుని లోపలికి వెళ్లాడట. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి ఈ కథంతా మురిసిపోతూ చెప్పారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదట. ఇంకా ఏమన్నాడో కూడా అచ్చంగా అతని గొంతుతోనే చెప్పారు.

"లోపల ఒక పక్క అరిగిపోయి వంకరగా ఉందండీ. మీరు మొహమాటపడి చెప్పలేదు గానీ, మనకి తెలీదాండీ? ఆకురాయెట్టి చుట్టూ సమంగా చేసేసేనండీ. చూడండి, కొత్తదాన్లా లేదాండీ?"

కాణీ లాక్కుని చిల్లులో వేలు తిప్పాను.

"మరి గాడి?" అన్నాను.

"ఏ గాడి?" అన్నారు ఆయన.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు. లెన్సులు పెట్టి, లైట్లు పెట్టి, ఊపిరి బిగబట్టి ఆ కాణీని అంత దగ్గరగా చూసిన మనిషికి గాడి కనబడలేదు. కళ్లు లేని ఆవిడ రోజంతా చూస్తూనే ఉంది. అడిగి చేయించినవాడికి తెలీదు, అడక్కుండా చేసినవాడికి తెలీదు, ఇద్దరూ ఒకరికొకరు దండాలు పెట్టుకుని వచ్చేశారు. చిల్లు కాణీ చెయ్యని మర్యాద ఎవడిక్కావాలి? ఆయన మాత్రం కాసేపు తల గీరుకుని, "అమ్మకి తెలీదులే, కాణీ కాణీయేగా" అన్నారు.

ఫొటో మళ్లీ తీయాలి, దాన్ని పెద్దది చేయించాలి, ఫ్రేము కట్టించాలి. అవన్నీ అయ్యేదాకా కాణీ ఆయన బీరువాలోనే ఉంది. వరండాలోంచి రోజూ ఒకటే మాట, "అమ్మాయ్, నా కాణీ ఏదమ్మా?" ఆవిడ చెయ్యి ఊరికే ఉండలేక చీర చెంగుని నలుపుతూ ఉండేది. "రేపమ్మా, రేపు" అనేవారు కొడుకుగారు. నేను ఏమని చెప్పను?

ఎగ్జిబిషన్‌కి నన్నూ తీసుకెళ్లారు. ఏసీ హాలు, సమోసాలు, గోడల నిండా పువ్వులు. దిండి హౌస్‌బోట్లు ఎక్కడానికొచ్చిన హైదరాబాదు వాళ్లు కొందరు దారి తప్పి వచ్చినట్టు వచ్చి, సెల్ఫీలు తీసుకుని వెళ్లారు. మా ఆయన ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. గుమ్మం తలుపంత ఫొటో, దాని పేరు "వసంతోదయం". అందులో కాణీ తిరనాళ్లలో అమ్మే గిల్టు గాజులా తళతళలాడుతోంది. "అబ్బ, ఏం మెరుపండీ!" అంటూ ఒక్కొక్కరే వచ్చి మా ఆయన చెయ్యి ఊపి వెళ్లారు. నేను చిల్లుకేసే చూశాను. గుండ్రంగా ఉంది. చక్కగా, సమంగా, ఎవరిదీ కానట్టు ఉంది. సభలో కప్పిన శాలువా భుజాన వేసుకునే ఆయన బస్సెక్కారు, ఎండలో చెమటలు కారుతున్నా తీయలేదు.

ఇంటికి రాగానే శాలువాతోనే వరండాలో వాళ్లమ్మ ముందు కూర్చున్నారు. "అమ్మా, నీ కాణీకి ఫస్టు ప్రైజొచ్చింది" అని ఆవిడ అరచేతిలో పెట్టారు.

ఆవిడ మొహం విప్పారింది. వేళ్లు ముడిచి, బొటనవేలు చిల్లులోకి పోనిచ్చింది. గోరు చుట్టూ తిరిగింది. ఆగింది. ఇటు నుంచి ఒకసారి తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండో చేతిలోకి మార్చి ఆ చేతి గోరుతో కూడా తడుముకుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"బాగుందిరా, నున్నగా ఉంది" అంది. "నాదేది?"

"అదే అమ్మా నీది. కొంచెం మెరుగు పెట్టించాను, అంతే."

ఆవిడ కొడుకుని కాదనడం ఇష్టం లేనట్టు తల ఊపింది, కానీ గోరు ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు మా ఆయన కంగారుగా ఫోన్ తీశారు. మెరుగు పెట్టించకముందు తీసిన ఫొటో, ఆ డల్లు ఫొటో, వెతికి పట్టుకున్నారు. వేళ్లతో పెద్దది చేశారు, ఇంకా పెద్దది చేశారు. తెర నిండా గాడి వచ్చింది. లోతుగా, నున్నగా, తాడు పట్టేంత. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయారు. ఆ మనిషి ఏదైనా దగ్గరగా చూడ్డం నేను మొదటిసారి చూసింది అప్పుడే. శాలువా భుజం మీంచి జారి కిందపడింది, తీసుకోలేదు. ఫోన్ తీసుకెళ్లి వాళ్లమ్మ మొహం ముందు పెట్టారు.

"ఇదిగో అమ్మా, ఇదే, చూడు" అన్నారు, ఆవిడకి కళ్లు లేవన్న సంగతి కూడా మర్చిపోయి.

ఆవిడ చెయ్యి చాచి ఫోన్ అద్దాన్ని తడిమింది. అద్దం కూడా నున్నగానే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, కాణీని చీర చెంగుతో ఓసారి తుడిచి, ఆయన గుప్పిట్లో పెట్టి, ఆ రోజు ముడిచినట్టే వేళ్లు ముడిచింది.

"ఏ తల్లిదో ఏమో, పాపం, ఎతుక్కుంటా ఉంటది" అంది. "ఆవిడది ఆవిడకిచ్చేసి, నాది తెచ్చెయ్ నాయనా."