ఆకు కాలే గదిలో పదో తరగతి

మొన్న ఎండాకాలం ఊరికి వెళ్తే మా హైస్కూలు ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు మొక్కజొన్న బస్తాలు వీపున వేసుకుని వరసగా లోపలికి వెళ్తున్నారు. దమ్మపేట దాటి, పామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. పిల్లలు లేరని పోయినేడు ఈ బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. గదులు ఊరికే పాడుబడటం ఎందుకని ఊరి పెద్దలు ఒక వ్యాపారికి గోదాముగా కిరాయికి ఇచ్చారట. వరండా గోడ మీద ఎప్పుడో పెద్దక్షరాలతో రాయించిన "విద్య లేనివాడు వింత పశువు"లో సగానికి బస్తాలు అడ్డం పడి "వింత పశువు" ఒక్కటే కనిపిస్తోంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే మా చిన్నత్త గుర్తొచ్చి, ఇక అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

చిన్నత్త అంటే నాన్నకు ఆఖరి చెల్లెలు, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి పొగాకు సాగును వెంటబెట్టుకుని వలస వచ్చినవాళ్ళు. ఇంట్లో మాట పెదనాన్నది. అప్పట్లో ఊళ్ళో చదువు ఏడో తరగతి దాకే. ఆ పైన చదవాలంటే సత్తుపల్లిలో చుట్టాలుండాలి, ఆ చుట్టాలకు ఓపిక ఉండాలి. మగపిల్లలకే అవి రెండూ కుదిరేవి కావు, ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. సంతకం తప్ప మరో అక్షరం రాయడం రాని పెదనాన్నకు మాత్రం ఊళ్ళో హైస్కూలు ఉండి తీరాలని ఒకటే పంతం. బిల్డింగు చూపిస్తే బడి ఇస్తామన్నారు పైవాళ్ళు. ఉన్న పాకలో ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇరికించి, ఆ పిల్లలు పదికి వచ్చేసరికి మా పొగాకు బ్యారన్‌ను చూపించాడాయన.

బ్యారన్ అంటే పచ్చాకును వేడితో ఎండబెట్టే ఇల్లు. రెండంతస్తుల ఎత్తున మట్టిగోడలు, గాలికి రెండు కన్నాలు. లోపల నేల నుంచి కప్పు దాకా అడ్డకర్రలు. ఆకు అల్లిన కర్రలను వాటికి వేలాడదీసి, బయట పొయ్యిలో మంట పెట్టి, రేకు గొట్టాల గుండా వేడి లోపలికి పంపుతారు. తనిఖీకి ఆఫీసరు వానాకాలంలో వచ్చాడు. బ్యారన్ ఖాళీగా, సున్నం కొట్టి తెల్లగా ఉంది. ఆయన పైకి చూసి "ఎత్తు బాగుంది" అని, గట్టిగా రెండుసార్లు తుమ్మి, సరేనన్నాడట. ఆ సున్నం నెల తిరక్కుండానే మసిని ఆపలేక చేతులెత్తేసింది. గోడకు ఆనుకున్న పిల్లాడి చొక్కా చూస్తే ఏ బల్ల మీద కూర్చుంటాడో చెప్పొచ్చు. పుస్తకాలు, తలలు, చద్దిడబ్బాలు అన్నీ పొగాకు వాసనే. జనవరిలో ఆకు బ్యారన్‌కు ఎక్కుతుందని ఊరందరికీ తెలుసు. మార్చిలో పరీక్షలనీ తెలుసు. ఆ రెండూ ఒక్క గదికే వచ్చి పడతాయని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. చేసేదంతా చేసి అసలు సంగతి మరిచిపోవడం మా ఇంటి లక్షణం.

ఆ మొదటి పదో తరగతిలో మా చిన్నత్త ఉంది, అడవి పల్లెల నుంచి పొద్దున్నే నడిచొచ్చే పిల్లలు ఉన్నారు. అత్తకు టీచరు కావాలని ఉండేది. తాతయ్య ఒక మాట ఇచ్చాడు. పది పాసైతే ట్రైనింగుకు పంపిస్తాను, తప్పితే కల్లూరు మేనబావతో పెళ్ళి. బావ మంచివాడే. కానీ అత్తకు కావలసింది మంచివాడు కాదు, నల్లబల్ల.

జనవరిలో ఆకు పండింది. మాకున్న రెండో బ్యారన్ అంతకుముందేడు నిప్పంటుకుని కూలిపోయింది. కోసిన ఆకు కళ్ళముందే నల్లబడిపోతుంటే ఏ రైతూ చూస్తూ కూర్చోలేడు. పెదనాన్న బల్లలు బయట పెట్టించాడు. అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పది రోజులేనే అమ్మాయ్. ఆకు ఆగదు, చదువాగుద్ది" అన్నాడాయన, ఆమె తల నిమిరి పక్కకు జరుపుతూ.

పది రోజులు ఎక్కడివి? కింది ఆకు అయ్యేసరికి నడిమాకు, నడిమాకు దించేసరికి కొసాకు. ఊళ్ళో నీడ ఉన్న ప్రతి చోటా ఆకు అల్లే కూలీలే కూర్చున్నారు. పదో తరగతి రోజుకో అరుగు మీదికి మారింది. ఇవాళ ఎవరి అరుగో ఊళ్ళో పిల్లలకే తెలిసేది కాదు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు వీధులన్నీ వెతికి, ఎండెక్కాక వెనక్కి పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు రావడం మానేశారు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు మా వాకిట్లో నిలబడి అరిచాడు. "ఏంది పెద్దయ్యా గిట్ల జేస్తున్నరు? పరీక్షలు నెత్తి మీదికొచ్చినయ్!" పెదనాన్న ఆయనకు మజ్జిగ ఇప్పించాడు. మాస్టారు మజ్జిగ తాగి సైకిలెక్కి అడవిలోకి వెళ్ళాడు, పిల్లల్ని పిలుచుకు రావడానికి. అప్పటికి ఇప్పపువ్వు రాలే రోజులు. పువ్వు ఏరుతున్న ఒక పిల్ల, అత్త పక్కన కూర్చునేదే, తల ఎత్తకుండా అందట: "బడి ఏడుందో తెల్వకపాయె సార్. ఎటని వచ్చేది?" ఆయన మర్నాడు ఇది మా ఇంట్లో చెప్తూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంట్లో అందరం ఆకు మీదే ఉండేవాళ్ళం. అత్త కూడా. ముందు పుస్తకం తెరిచి పెట్టుకుని ఆకు అల్లేది. వేళ్ళకు నల్లటి జిగురు అంటుకుని ఉంటే మోచేత్తో పేజీ తిప్పేది. అన్నిటిలో గట్టెక్కింది, లెక్కల్లో పోయింది. పాసైనవాళ్ళు లేరని పదో తరగతినే తీసేశారు. మళ్ళీ రాస్తానంది అత్త. తాతయ్య మాట తప్పని మనిషి, ఆ మాటా తప్పలేదు. పెళ్ళిలో ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఏడు ఆకు బాగా పలికింది. ఆ డబ్బుతోనే పెదనాన్న ఈ బిల్డింగు కట్టించాడు. పదో తరగతి తిరిగొచ్చేసరికి అత్త చంకలో పిల్లాడున్నాడు. ప్రారంభానికి అందరం వెళ్ళాం, తను తలనొప్పని ఇంట్లో పడుకుంది. ఆ తర్వాత పెదనాన్న పొగాకు మానేశాడు. ధర పడిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు, ఆయన కాదనలేదు. బడి మాత్రం కొన్నాళ్ళు కళకళలాడింది. తర్వాత పిల్లల్ని ప్రైవేటు బడులకు ఎక్కించుకుపోయే పసుపుపచ్చ బస్సులు వచ్చాయి, గురుకులాలు వచ్చాయి. ఉన్న నలుగురూ పక్క ఊరి పాలయ్యారు.

అత్త ఆ వారం మా తమ్ముడింట్లోనే ఉంది. బడి గోదాము అయిందని చెప్పాను. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని "పద" అంది. ఇన్నేళ్ళూ ఆ వీధి తప్పించి నడిచిన మనిషి! మోకాళ్ళు పట్టుకుంటూ వరండా మెట్లెక్కింది. ఒక హమాలీ బస్తా దించి, "లోపటికి రాకుండ్రమ్మా, జారి మీద పడ్తయ్" అన్నాడు.

"పదో తరగతి ఏది నాయనా?"

"గదే, కొస గది. నేను గూడ అండ్లనే సదివిన."

కొస గది దాకా నడిచింది. తలుపు తీసే ఉంది. గడప దగ్గర మొదలై కప్పు దాకా బస్తాలు, కాలు పెట్టే సందు లేదు. నల్లబల్ల ఉందో లేదో కూడా తెలియలేదు. అత్త ద్వారబంధం పట్టుకుని కాసేపు చూసింది. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

"నేనెప్పుడొచ్చినా నా జాగాలో పంటే కూర్చునుంటది గదే" అని నవ్వి, వెనక్కి తిరిగింది. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

కాలమే మందంటారు. యాభై ఏళ్ళు దాటింది, ఆ మందు మా అత్తకు ఇంకా పట్టలేదు.