జేబు రవికల ఐలేశం

ఐలేశాన్ని పట్టుకోవడానికి పోలీసులు పెద్దగా కష్టపడలేదు. యాదగిరిగుట్ట మెట్ల కింద భక్తులు విడిచిన అన్ని చెప్పుల్లోనూ వాడికి పోలీసు అమీన్‌సాబు బూట్లే నచ్చాయి. చేత పట్టుకొని ఉరికితే తప్పించుకునేవాడే. తొడుక్కొని ఉరికాడు. పన్నెండేండ్ల పిల్లగాడి కాళ్లకు అవి ఎక్కడ ఆగుతాయి? కొబ్బరికాయల దుకాణం ముందు బోర్లా పడి, బూట్లతో సహా దొరికిపోయాడు.

తండ్రి లేడు. తల్లి సైదమ్మ కూలికి పోయేది. కోర్టు కచేరీలో ఆమె ఎంత మొత్తుకున్నా, వాణ్ని పాలమూరు దిక్కు పిల్లల జైలుకు పంపారు. యాభై నాలుగో సంవత్సరం ముచ్చట అది.

ఆ జైల్లో ప్రతి పిల్లవాడూ ఏదో ఒక పని నేర్చుకోవాలి. ఐలేశాన్ని మొదట వడ్రంగంలో వేశారు. చెక్కను కోయమంటే బల్లను కోశాడు. తోటపనికి పంపితే కలుపు ఉంచి వంకాయ మొక్కలు పీకాడు. చివరికి కుట్టుపని నేర్పే గురవయ్య మేస్త్రీకి అప్పజెప్పారు. మేస్త్రీ బక్కపలచని మనిషి, కోపం మాత్రం లావు. జైలు పిల్లలు తొడుక్కునే ఖాకీ లాగులూ అంగీలూ ఆయన గదిలోనే తయారయ్యేవి.

"ఒరేయ్, జేబు లేనిది అంగీ గాదు, సంచి. యాదుంచుకో!" అనేవాడు ఆయన, చేతి స్కేలుతో బల్ల మీద కొడుతూ.

ఐలేశం యాదుంచుకున్నాడు. మిషన్ చక్రం తిరుగుతుంటే వాడికి ఎక్కడలేని నెమ్మది వచ్చేది. విడుదలయ్యే నాటికి కళ్లు మూసుకొని అంగీ కుట్టగలనని గొప్పలు చెప్పుకునేవాడు. ఒకసారి నిజంగానే కళ్లు మూసుకొని కుట్టి, అంగీ చేతులు రెండూ ఒకే పక్కకు కలిపి, మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాడు.

పంపేటప్పుడు జైలువాళ్లు వాడికి ఒక పాత చేతి మిషన్ ఇప్పించారు. దాన్ని నెత్తిన పెట్టుకొని, బస్సు దిగి, రాజులాగా ఊళ్లోకి నడిచాడు. చావడి దగ్గర పోలీసు పటేలు లక్ష్మీనర్సయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఏడ కొట్టుకొచ్చినవ్‌రా గిది?"

"కొట్టలే పటేలా. జైలోళ్లు ఇచ్చిండ్రు."

"జైలోళ్లు మిషన్లు ఇస్తరా? రేపు నేను గూడ పోత, నాకో ఎద్దుల బండి ఇస్తరేమో!"

చావడి అంతా నవ్వింది. పటేలు మిషన్‌ను లాక్కొని తన ఇంటి అరుగు మీద పెట్టించాడు. నిజమేదో తేలేదాకా అక్కడే ఉండాలన్నాడు. సైదమ్మ వచ్చి కాళ్ల మీద పడ్డా వినలేదు.

ఐలేశం ఏడవలేదు, తగవు పడలేదు. పొద్దున్నే వచ్చి అరుగు మీద మిషన్ పక్కన కూర్చునేవాడు. తుడిచేవాడు, నూనె చుక్క వేసేవాడు, చీకటి పడ్డాక ఇంటికి పోయేవాడు. పిల్లలు "దొంగ దర్జీ" అని అరిచి పారిపోయేవాళ్లు. ఆ మాట వినబడ్డప్పుడు మాత్రం వాడి తల మిషన్ మీదికి వంగిపోయేది.

ఇదంతా చూసి పటేలు భార్య వెంకటనర్సమ్మకు విసుగొచ్చింది.

"మిషన్ ఉన్నది, పిలగాడున్నడు. ఊకె కూసోకపోతే నాకో రవిక కుట్టరాదుర?" అంది, గళ్ల గుడ్డ వాడి ముందు పడేస్తూ.

జైల్లో ఆడవాళ్లెవరు? వాడు రవిక ముఖం ఎరుగడు. కొలతలు తీయమంటే చెవుల దాకా ఎర్రబడి, "పాతది ఇయ్యండ్రి పటేలమ్మా, చూసి కుడత" అన్నాడు. పాతదాన్ని చూస్తూ మొదలుపెట్టాడు గాని, సగంలో చేతులు తమకు తెలిసిన దారే పట్టాయి. ముందు ముడి ఉండాల్సిన చోట గుండీలు వచ్చాయి. ఎడమ పక్కన, నాలుగు మూలలూ తీర్చిన జేబొకటి వచ్చింది.

వెంకటనర్సమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇదేందిర?"

"జేబు, పటేలమ్మా."

"ఆడిదాని రవికకు జేబేందిర, పిచ్చి పీనుగా!"

తిట్టింది గాని, తొడుక్కుంది. నడుముకు వేలాడే వక్కల సంచి తీసి జేబులో పెట్టి చూసింది. రెండు అడుగులు నడిచింది. సరిగ్గా పట్టింది. ఇక విడవలేదు. పటేలు భోజనానికి వచ్చి భార్యను చూసి, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచాడు.

"పోలీసు జవానులెక్క ఉన్నవ్ గదనే!"

"ఉంటే ఉంట. నువ్వు అన్నం తిను."

వారం తిరగకముందే అరుగు మీద ఆడవాళ్ల గుడ్డలు కుప్పపడ్డాయి. పటేలు తన ఇంట్లోకి తానే పక్కనుంచి దూరి పోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే గురవయ్య మేస్త్రీ యాదగిరిగుట్టకు మొక్కు చెల్లించడానికి వచ్చి, శిష్యుణ్ని చూసిపోదామని ఊళ్లో దిగాడు. మిషన్ జైలువాళ్లు ఇచ్చిందేనని పటేలుకు ఆయనే చెప్పాడు. పటేలు మీసం సవరించుకొని, "నాకు ముందే తెల్సు. గాని జర ఇచారించాలె గద!" అన్నాడు.

మేస్త్రీ కళ్లు అప్పటికే బావి దగ్గరి ఆడవాళ్ల మీద పడ్డాయి. ఆ జేబులు చూసి శిష్యుడి వైపు తిరిగాడు.

"రవికకు జేబు పెట్టమని ఎవడు చెప్పిండ్రా?"

"మీరే గద సార్. జేబు లేకుంటే సంచి అంటిరి."

గురవయ్య మేస్త్రీ నవ్వగా ఎవరైనా చూశారంటే, ఆ ఊరివాళ్లే చూశారు. పోయేటప్పుడు మాత్రం శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, చంక దగ్గర గుడ్డ ఎంత వదలాలో మెల్లగా చెప్పి పోయాడు.

ఐలేశం అరుగు మీది మిషన్ తెచ్చుకొని, చావడి ఎదురుగా కిరాయికి గది తీసుకున్నాడు. కొన్నేండ్లకు యాదమ్మను పెళ్లి చేసుకున్నాడు. మగడు మాట్లాడిన దానికంటే మిషన్ మాట్లాడిందే ఎక్కువని ఆమె ఇప్పటికీ అంటుంది.

అరవై ఆరులో మేస్త్రీ కొలువు దిగిపోతూ, తన జాగాలో ఐలేశాన్ని పెట్టమని జైలువాళ్లకు చెప్పాడు. వాడు పోయి కొలువులో చేరాడు. పిల్లలకు చీవాట్లు పెట్టాలని గురువులాగే స్కేలు పట్టుకున్నాడు గాని, అది వీపు గోక్కోవడానికే పనికొచ్చింది. బల్లను కోసిన పిల్లవాణ్ని చూసి, "పర్వాలేదు, నేను ఇంతకంటె పెద్ద బల్ల కోసిన" అనేవాడు.

ఒక్కటే ఇబ్బంది. పొద్దుగూకే వేళ పని ముగించుకొని గేటు దగ్గరికి వచ్చేసరికి ఐలేశం కాళ్లు ఆగిపోయేవి. చేతులు కట్టుకొని, తల వంచుకొని, గోడవారగా నిలబడేవాడు. కావలి కాసే జానయ్య తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, ఎదురుచూసి ఎదురుచూసి అనేవాడు:

"సారూ, పోరాదుండ్రి. మీకు అడ్డమెవలు?"

ఐలేశం ఉలిక్కిపడి, నవ్వి, ఒక అడుగు బయట పెట్టేవాడు. రోడ్డు మీదికి వచ్చాక ఒకసారి వెనక్కి చూసి, ఎవరూ పిలవడం లేదని రూఢి చేసుకొని, అప్పుడు బీడీ వెలిగించేవాడు.