తునికాకుల కట్ట

తొంభైల్లో దోహా వెళ్లగానే గంజాయి మానేశాను. అక్కడ దొరికితే జైలే, మానక చస్తానా? ఆకు మీద బెంగ మాత్రం పోలేదు. ఊళ్లో నేనూ, నా జతగాడూ ఎప్పుడూ బీడీలు చుట్టే తునికాకులోనే చుట్టుకునేవాళ్లం. సిగరెట్టు దులిపి ఆ కాగితంలో కూరుకునేవాళ్లన్నా, పొగాకు కలుపుకునేవాళ్లన్నా మాకు మహా చులకన. పొగాకు తగిలితే అసలు రుచే పోతుందనేవాడు వాడు.

దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో, నా గదిలో మా పక్క ఊరి ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఇద్దరాడపిల్లల తండ్రి, సిగరెట్టు కూడా ముట్టని మనిషి. ఆయన సెలవు మీద వెళ్తుంటే జతగాడికి ఉత్తరం రాసిచ్చాను, ఒక కట్ట ఉత్త తునికాకులు పంపమని. గంజాయి బదులు వాము చుట్టుకుని కాల్చుకుందామని నా ఆశ.

ఆయన తిరిగొచ్చే ముందు రోజు, డ్యూటీలో నిచ్చెన మీద ఉండగా గుర్తొచ్చింది. నా జతగాడు ఎవరికీ ఖాళీ ఆకు ఇవ్వడు. మడతలో చిటికెడు గంజాయి పెట్టి ఇవ్వడం వాడి మర్యాద. ఉత్త ఆకు ఇస్తే ఉత్త విస్తరి వేసి లేపినట్టే అనేవాడు. గబగబా నిచ్చెన దిగాను. ఊరికి ఫోన్ చేస్తే, అన్నయ్య అప్పటికే బొంబాయి రైలెక్కేశాడన్నారు.

మర్నాడు పొద్దున విమానాశ్రయం బయట నిలబడ్డాను. అందరూ వస్తున్నారు, ఆయన రాడే. చేతులారా ఒక మంచి మనిషి కొంప ముంచానని కుమిలిపోయాను.

అందరికంటే చివర వచ్చాడు.

"ఏంట్రా, ముఖం అలా పీక్కుపోయింది? జొరమా?"

"ఏం లేదన్నయ్యా. లోపల అంత లేటయ్యిందేం?"

"నీ ఆకుల కట్ట విప్పి ఒక్కో ఆకూ దులిపి చూశార్రా. నేను మాఫీ, మాఫీ, ఏమీ లేదు అంటానే ఉన్నాను. అన్నట్టు, అవి ఇచ్చేటప్పుడు నీ జతగాడు తెగ బాధపడిపోయాడు. జన్మలో ఖాళీగా ఇవ్వడం ఇదే మొదలంట, ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు."

గదికొచ్చి కట్ట విప్పాను. అన్నయ్య క్షేమంగా వచ్చాడని దణ్ణం పెట్టుకోవాల్సినవాణ్ణి, ఏ మడతలోనైనా ఒక్క రేణువు మిగిలిందేమోనని వెతికాను. ఆఖరి ఆకు దాకా ఖాళీయే. అప్పుడు వాడు ఎంతగా గుర్తొచ్చాడంటే, వాము డబ్బా తియ్యడానికి కూడా చేతులు రాలేదు.