టీవీ కార్డులో చిక్కుకున్న గొంతు

2022లో, పుదుచ్చేరి కోసపాళయంలోని నా కంప్యూటర్ రిపేరు షాపుకి తేంగాయితిట్టు నుంచి లక్ష్మమ్మ అనే ఆవిడ భర్త మునిస్వామితో కలిసి వచ్చింది. ఆటోలో పాత సీపీయూ తెచ్చారు. విండోస్ అప్‌డేట్ అయినప్పటి నుంచి అందులో టీవీ రావడం లేదంది. లోపల డిజిటల్ టీవీ కార్డు ఉంది. కేబుల్ తగిలిస్తే కంప్యూటర్లోనే టీవీ చూపించి, కావాలంటే రికార్డు చేసే పరికరం అది.

కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు గుర్తు కనిపించింది. కార్డు ఉంది గానీ, దాన్ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదని దానర్థం. కొత్త డ్రైవర్ వేస్తే సిస్టమ్ మొత్తం ఆగిపోయింది. రెండోసారీ అంతే. విసుగొచ్చి, ఫార్మాట్ చేసేద్దామన్నాను.

"ఫార్మాట్ అంటే ఏందప్పా? ఉండేదంతా పోతాదా?" అంది లక్ష్మమ్మ.

పోతుందన్నాను. టీవీ కోసమే అయితే సెట్‌టాప్ బాక్స్ మేలని సలహా కూడా ఇచ్చాను.

"టీవీ రాకుంటే పోనీ. ఈయన గొంతు దాంట్లో ఉండాది. అది పోతే మళ్ళా యాడ తెచ్చేది?"

మునిస్వామి అంతసేపూ ఒక్క మాటా మాట్లాడలేదని నాకప్పుడు తట్టింది. మెడ మీద ఆపరేషన్ గీత ఉంది. దాంతోనే మాట పోయిందట. తేంగాయితిట్టు హార్బర్లో ఏళ్ల తరబడి కేకలేస్తూ చేపల వేలం నడిపిన మనిషట. ఒకసారి కేబుల్ చానెల్ వాళ్లు ఆయన్ని చూపిస్తుంటే ఆవిడ ఇంట్లో రికార్డు చేసుకుంది. ఆ ఫైలు కార్డుతో వచ్చిన ప్లేయర్‌లో తప్ప తెరుచుకోదు. కార్డు పనిచేయందే ఆ ప్లేయర్ లేవదు.

కార్డు ఊడదీసి, చిప్ మీది నంబరు భూతద్దంతో చదివాను. అంతకుముందు నేను మోడల్ పేరు మాత్రమే చూసి డ్రైవర్ వేశాను. అదే పేరుతో వేరే చిప్ ఉన్న కార్డులూ ఉన్నాయి. అప్‌డేట్ తీసేసిన పాత డ్రైవర్‌ను ఆ నంబరుతో వెతికి వేసేసరికి మధ్యాహ్నం దాటింది. పసుపు గుర్తు పోయింది.

స్క్రీన్ మీద మునిస్వామి చేపల బుట్టల మధ్య నిలబడి గొంతెత్తి వేలం కేకలు వేస్తున్నాడు. లక్ష్మమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఆయన మాత్రం ఒక కాగితం మీద తమిళంలో ఏదో రాసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చదివి నవ్వింది.

"ఆ పొద్దు ఒక చేప పేరు తప్పుగా చెప్పినాడంట. అప్పుడే నేను ఆ మాటంటే ఒప్పుకోలా."

ఆ రికార్డింగును ఏ ఫోన్లోనైనా ఆడే ఫైలుగా మార్చి, రెండు పెన్‌డ్రైవుల్లో వేసి ఇచ్చాను.

ఇప్పుడు ఎవరు ఏ సీపీయూ తెచ్చినా, అందులో ఏం దాచుకున్నారో ముందు అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. కాసేపాగి మళ్లీ అడుగుతాను.